వాహ్వాలు కోసిన చెయ్యి

నా చేతికి ఒక దురలవాటు ఉండేది. పాటలో పాట కానిది ఏది వినబడినా బ్లేడు తీసి కోసేసేవాణ్ణి. దగ్గు, గాజుల చప్పుడు, తబలా ఆయన ముక్కు ఎగబీల్చడం, ఏదీ వదిలేవాణ్ణి కాదు. మీరిప్పుడు తెర మీద వేలితో చేసే పనిని మేము నిజం బ్లేడుతో, నిజం టేపు మీద చేసేవాళ్ళం. అక్కర్లేని ముక్క కోసి కింద పడేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి అంటించడం. మా కాలం రికార్డింగు వాళ్ళ ఎడమచేతి బొటనవేలు చూడండి, చేయి చూసి జాతకం చెప్పేవాళ్ళకు కూడా అంతుబట్టని గీతలుంటాయి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీలాంటి వాళ్ళు "మీరు చేసిన గొప్ప రికార్డింగు ఏది?" అని అడుగుతుంటారు. గొప్పవి చెబితే మీకు ఒరిగేదేమీ లేదు. చెడగొట్టింది చెబుతాను, కాస్త పనికొస్తుంది.

క్యాసెట్లు వచ్చి గ్రామఫోను రికార్డులను అటకెక్కిస్తున్న రోజులవి. చార్మినార్ దగ్గర ఒక గల్లీలో కింద సేటు క్యాసెట్ల దుకాణం, మేడ మీద మా స్టూడియో, ఆ పైన డాబా మీద సేటు పావురాలు. స్టూడియో అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. గోడలకు గోనెసంచులు, రెండు మైకులు, ఒక స్పూలు మిషను, ఒక సీలింగ్ ఫ్యాను. ఆ ఫ్యాను తిరిగితే పిండిగిర్నీలో కూర్చున్నట్టే. మిషను వేగం అందుకోవడానికి కొంచెం టైము పట్టేది కనుక, ముందు మిషను తిప్పి, ఆ తర్వాత "ఫ్యాన్ బంద్ చెయ్!" అని కేక పెట్టేవాణ్ణి. అంటే మా స్టూడియోలో ప్రతి టేపూ నా కేకతోనే మొదలయ్యేది. తర్వాత దాన్ని కోసి పారేసేదీ నేనే.

మా దగ్గర ఖవ్వాలీలు, భజనలు, పెళ్ళి పాటలు రికార్డయ్యేవి. ఏది క్యాసెట్టుగా వేయాలో తేల్చడానికి సేటుకు ఒక పద్ధతి ఉంది. ఆదివారం పొద్దున పదింటికి కొత్త టేపును దుకాణం ముందున్న స్పీకర్లో పెట్టేవాడు. దారినపోయేవాళ్ళు నిలబడితే క్యాసెట్టు వేసేవాడు. నిలబడకపోతే టేపు చెరిపి ఇంకొకళ్ళకు వాడమనేవాడు. ఎంత పెద్ద గాయకుడైనా, ఎవరి సిఫార్సు తెచ్చినా ఇదే పరీక్ష. తన బావమరిది పాడిన పాటలనే చెరిపించిన మనిషి.

అలాంటి చోటికి ఒకరోజు గిటారు భుజాన వేసుకుని ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. భుజాల దాకా జుట్టు, గల్లీ ఊడ్చుకుంటూ వచ్చే బెల్ బాటమ్ ప్యాంటు. తండ్రి కంచన్‌బాగ్ వైపు లోహాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తాడు. చర్చిలో పాడటం నేర్చుకుని, నలుగురు స్నేహితులతో రాక్ బ్యాండు కట్టి, ఏడేళ్ళు ఆబిడ్స్ హోటళ్ళలోనూ కాలేజీ ఫంక్షన్లలోనూ ఇంగ్లీషు పాటలు పాడాడు. ముందు నిలబడి పాడేవాడు ఇతనే. మన భాషలో, మన ఇళ్ళ గురించి పాటలు రాసుకొచ్చి బ్యాండుకు వినిపిస్తే, "దీనికెవడు ఎగురుతడురా?" అని నవ్వారట. దాంతో బయటికొచ్చి సొంత క్యాసెట్టు, మొట్టమొదటిది, ఒక్కడే చేస్తానన్నాడు.

సేటు అతన్ని కింది నుంచి పై దాకా చూశాడు.

"బాజావాలే ఏడున్నరు?"

"ఎవ్వరు లేరు సేట్. నేనొక్కణ్ణే."

"తబలా?"

"లేదు."

"హార్మోనియం?"

"లేదు సేట్. గిటారు, నేను."

సేటు నా వైపు వంగి, "ఇంట్ల గిట్ల లొల్లి పెట్టుకోని ఒచ్చిండా ఏంది? చాయ్ తాపి పంపియ్" అన్నాడు.

చాయ్ తాగుతూ ఆ కుర్రాడు నాకు అసలు సంగతి చెప్పాడు. "అన్నా, ఒకటో తారీఖు దాకనే టైమ్. ఫ్యాక్టరీల బాపు మాట్లాడి పెట్టిండు. సేటు క్యాసెట్ ఏస్తనంటే బాపు అడ్డం రాడంట, మాటిచ్చిండు. ఎయ్యనంటె కటింగ్ చేయించుకోని, ఖాకీ బట్టలేస్కోని డ్యూటీకి పోవాలె. ఇగ పాట ముచ్చట ఎత్తొద్దు." ఒకటో తారీఖుకు ఇంకా పదిహేడు రోజులున్నాయి. నేను వెళ్ళి సేటును బతిమాలాను. ఆదివారం పరీక్షకు ఎవరైనా ఒకటేనని ఆయన ఒప్పుకున్నాడు.

మొదటి రెండు రోజులూ టేపు దండగ. ఆ కుర్రాడి గొంతు బ్రహ్మాండంగా ఉంది, కానీ మెట్ల మీద ఉన్నంతసేపే. మైకు ముందు నిలబెడితే చప్పబడిపోయేది. ఒక వరస పాడి డ్రమ్ముల వాణ్ణి చూడటానికి వెనక్కి తిరిగేవాడు. అక్కడ గోడ. ఉత్సాహం వచ్చి ముందుకు దూకేవాడు. అక్కడ మైకు. రెండుసార్లు దాన్ని పడగొట్టాడు. పాట అయిపోగానే ఒంగి దండం పెట్టేవాడు, ఎవరికని అడిగితే సిగ్గుపడేవాడు.

"అన్నా, గీ గోనెసంచులు నన్ను చూస్తలేవు" అన్నాడు చివరికి, ఏడుపు ముఖంతో.

మూడోరోజు దేవుడు పంపినట్టు చాచా వచ్చాడు. చాచా అంటే గల్లీ మొదట్లో అత్తరు అమ్ముకునే పెద్దాయన. ఖవ్వాలీ రికార్డింగులకు ఆయనా, ఆయన స్నేహితులిద్దరూ వచ్చి కూర్చుని వాహ్వాలు చెప్పేవాళ్ళు. దాన్ని దాద్ ఇవ్వడం అంటారు. వాహ్వా లేని ఖవ్వాలీ క్యాసెట్టును మా పాతబస్తీలో ఎవరూ కొనరు, పెళ్ళికొడుకు లేని బారాత్ లాంటిదది. ఆ రోజు సాయంత్రం ఖవ్వాలీ ఉంటే, ఈ ముగ్గురూ రెండు గంటలు ముందే వచ్చేశారు. సరే, చాప మీద కూర్చోబెట్టి, ఈ కుర్రాడు పాడుతుంటే మాత్రం నోరు మెదపొద్దని చెప్పాను.

"ఫికర్ నక్కో మియా, నోటికి తాళం ఏస్కున్న" అన్నాడు చాచా, గడ్డం సవరించుకుంటూ.

కుర్రాడు తండ్రి మీద రాసిన పాట ఎత్తుకున్నాడు. పొద్దున్నే ఫ్యాక్టరీ సైరను మోగుతుంటే, పడుకున్న తండ్రిని లేవవద్దని కొడుకు బతిమాలే పాట. "సైరను కూసే బాపూ, ఒక్క పూట లేవకే" అనేది దాని పల్లవి. కళ్ళ ముందు ముగ్గురు మనుషులుండేసరికి గొంతులోకి ప్రాణం వచ్చింది. ఆ వరస ముగిసిందో లేదో, "వాహ్వా!" అని చాచా తాళం పగిలింది.

నేను చెయ్యి పైకెత్తి వద్దు వద్దని సైగ చేశాను. ఆయన నా చెయ్యి చూస్తేగా! వేలు గాల్లో గుండ్రంగా తిప్పుతూ "ముకర్రర్!" అన్నాడు. మరోసారి పాడమని అర్థం. అలా అడిగితే ఆ వరస మళ్ళీ పాడటం మర్యాద. రాక్ బ్యాండు వాడికి ఆ మర్యాద తెలియకపోయినా వేలు అర్థమైంది. మళ్ళీ పాడాడు, ఈసారి కొంచెం నిదానంగా. మిగతా ఇద్దరూ అందుకున్నారు. మూడోసారి పాడినప్పుడు ఆ "లేవకే" దగ్గర గొంతు ఎలా వణికిందంటే, ఎత్తిన చెయ్యి దించడం నేను మరిచిపోయాను. మూడు నిమిషాల పాట ఏడు నిమిషాలైంది. సాయంత్రంలోపు అతను రాసుకొచ్చిన ఆరు పాటలూ అయిపోయాయి.

"అన్నా, ఎనక నలుగురు లేకున్నా ఫికర్ లేదు. ముందట ముగ్గురుంటె సాలు" అని కుర్రాడు నన్ను కావలించుకున్నాడు. చాచాకు పాదాభివందనం చేయబోతే ఆయన లేవనెత్తి చెవి వెనక అత్తరు రాశాడు. మర్నాడు ముగ్గురు పెద్దమనుషులూ బీదర్ దిక్కు ఒక దర్గాలో ఉర్సు ఉత్సవానికి వెళ్ళిపోయారు. ఒకటో తారీఖు దాటాక గానీ తిరిగి రారు.

ఇక నా ఘనకార్యం వినండి. ఆ టేపు ముందు పెట్టుకుని, కడుపు నిండా నమ్మకంతో, రెండు రోజులు కూర్చుని ప్రతి వాహ్వానూ కోసేశాను. నా లెక్క ఏమిటంటే, వాహ్వాలు ఖవ్వాలీకి ఉండాలి, రాక్ పాటకు ఎందుకు? అందులోనూ అది ఒంటరి క్యాసెట్టు. ఒక్కణ్ణే చేస్తానన్న మనిషి టేపులో ముగ్గురు ముసలివాళ్ళు కేకలేస్తే బాగుంటుందా? ఎంత శుభ్రంగా కోశానంటే అతుకు ఎక్కడుందో నాకే కనబడలేదు. ఆ కుర్రాడిని పిలిచి, కుర్చీ వేసి, వినిపించాను. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

విన్నాడు. ముఖం పాలిపోయింది.

"అన్నా, మనుషులేరి?"

"తీసేసిన. ఎంత సాఫ్ అయిందో చూడు!"

"సాఫ్ గాలేదన్నా, సచ్చిపోయింది. ఊపిరి తీస్తలేదు."

నిజమే. వాహ్వాతో పాటు వరసకూ వరసకూ మధ్యనున్న ఆగుడు కూడా కోసుకుపోయింది. పాట రైలు దొరకదని ఉరుకుతున్నట్టుంది. మధ్యమధ్యలో ఖాళీ టేపు అంటించి చూపించాను. అదీ వినేసి, "ఇప్పుడు జనం లేశి ఎళ్ళిపోయినట్టున్నది" అన్నాడు. మళ్ళీ పాడదామంటే చాచా లేడు. దారినపోయే నలుగుర్ని కూర్చోబెడితే వాళ్ళు గోనెసంచుల కంటే అన్యాయం, ఒకాయన ఏకంగా కునుకు తీశాడు. ఇరవయ్యేళ్ళ అనుభవం నాది. వాడికి బతుకులో దొరికిన ఒకే ఒక్క మంచిరోజును నా చేతులతో ముక్కలు చేశానని అప్పుడు తెలిసింది.

సరే, కోసిన ముక్కలు తెచ్చి అతికిద్దామని చెత్తడబ్బా చూస్తే ఖాళీ. ముక్కలు డాబా మీదున్నాయి. పావురాల మీదికి గద్దలు రాకుండా సేటు గూళ్ళ చుట్టూ తాళ్ళు కట్టి, మా పాత టేపు ముక్కల్ని వాటికి వేలాడదీసేవాడు. ఎండకు మెరుస్తూ, గాలికి రెపరెపలాడుతుంటే గద్ద దగ్గరికి రాదు. పైకెళ్ళి చూస్తే చాచా వాహ్వాలన్నీ ఆకాశంలో ఆడుతున్నాయి. వాటితో పాటు ఆ నెలలో నేను కోసిన దగ్గులు, తుమ్ములు, ఫ్యాను కేకలు కూడా. అన్నీ ఒకే గోధుమరంగు. ఏది ఏదో దేవుడికే తెలియాలి.

సేటు ఊరికే ఇస్తాడా! "ఒక్క ముక్క తీస్తే ఒక్క ముక్క కట్టాలె. నా పావురాలను గద్ద ఎత్తుకపోతే మీ ఇద్దర్ని గూట్ల పెడ్త" అన్నాడు. ఒక పాత ఉపన్యాసం టేపు దొరికితే, దాన్ని ముక్కలు చేసి గద్దల కోసం తాళ్ళకు కట్టాం. మిట్టమధ్యాహ్నం ఎండలో, నేనూ రాక్ గాయకుడూ పావురాల రెట్టల మధ్య మోకాళ్ళ మీద పాకాం. పావురాలకు అతని జుట్టు బాగా నచ్చింది. కిందికి దిగేసరికి తల నిండా ఈకలే.

తర్వాత మూడు రోజులు ఒక్కో ముక్కనూ చేత్తో మిషను మీద లాగి వినడం. వాహ్వాలు ఒక కుప్ప, మిగతావి ఒక కుప్ప. కొన్ని తిరగేసి లాగితే "ఆవ్హావ్" అనేవి, వాటిని సరిచేసుకోవాలి. ఏ వాహ్వా ఏ వరసదో కుర్రాడు కళ్ళు మూసుకుని గుర్తుపట్టేవాడు. "ఇది చాచా రెండోపాలి అన్నది. గప్పుడు ముక్కుపొడుం పీల్చిండు" అనేవాడు. పీల్చిన చప్పుడు నిజంగానే ఉండేది. తల్లికి పిల్లల గొంతులు తెలిసినట్టు అతనికి ఆ వాహ్వాలు తెలుసు. నేను కోసేముందు ఒక్కసారి కూడా అలా వినలేదు.

ఒకటో తారీఖుకు ముందు వచ్చే ఆఖరి ఆదివారమే మాకు గడువు. శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆదివారం పొద్దున కూడా రాలేదు. తొమ్మిదిన్నరకు వచ్చింది, పదింటికి పరీక్ష. ఇంకా మూడు ముక్కలు మిగిలాయి. వాహ్వాల కుప్పలోవేనన్న ధీమాతో, వినకుండానే, పొడవు చూసి అంటించేశాను. కుర్రాడు తండ్రిని తీసుకురావడానికి కిందికి వెళ్ళాడు.

తండ్రి వచ్చాడు. పొట్టి మనిషి, చేతుల మీద కాలిన మచ్చలు, చంకలో టిఫిన్ డబ్బా. మధ్యాహ్నం షిఫ్టుకు ఇటు నుంచి ఇటే వెళతాడట. పరీక్ష తప్పితే దారిలో కొడుక్కు కటింగ్ చేయించాలని ఎదురుగల్లీలో మంగలికి చెప్పి మరీ వచ్చాడు. నాకు నమస్తే పెట్టి దుకాణం మెట్టు పక్కన ఒదిగి నిలబడ్డాడు.

మొదటి రెండు పాటలకూ ఎవరూ ఆగలేదు. ఒక జామకాయల బండి ఆగింది, అది చక్రం ఊడి. సేటు ఆవులించాడు. కుర్రాడు గోళ్ళు కొరుకుతున్నాడు. మూడోది తండ్రి పాట. "సైరను కూసే బాపూ" అని స్పీకరు ఎత్తుకోగానే తండ్రి తల ఎత్తాడు. ఒకరిద్దరు నడక తగ్గించారు. వాహ్వా పడింది. ముకర్రర్ పడింది. మూడోసారి ఆ గొంతు వణుకుతూ "ఒక్క పూట లేవకే..." అని ఆగింది. ఆ ఆగిన చోట, వాహ్వా రావలసిన చోట, గల్లీ గల్లీ దద్దరిల్లేలా నా గొంతు వచ్చింది:

"ఏయ్! ఫ్యాన్ బంద్ చెయ్!"

మీ ఇళ్ళలో ఎలాగో తెలియదు గానీ, మా వైపు పొద్దెక్కినా లేవని మనిషిని లేపే పద్ధతి ఒకటే, నెత్తి మీద ఫ్యాను ఆపేయడం. కొడుకు లేవకే అంటున్నాడు, ఎవరో ఫ్యాను ఆపమంటున్నారు! గల్లీ అంతా ఒక్కసారి గొల్లుమంది. జామకాయల ఆయన చక్రం వదిలేసి నవ్వాడు. సైకిళ్ళు ఆగాయి. బురఖాలలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నవ్వుతున్నారు. "మల్లొకపాలి పెట్టు సేట్!" అని అరుపులు. రెండోసారి పెట్టేసరికి దుకాణం ముందు దారి మూసుకుపోయింది. కరెంటు లేని రాత్రి చీకట్లో నా కేక ముక్క వాహ్వాల కుప్పలో కలిసిందన్నమాట. నేను కౌంటరు వెనక నక్కాను. నేలలో గుంట ఉంటే దిగిపోయేవాణ్ణి.

సేటు మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు. "ఏస్తున్న! క్యాసెట్ ఏస్తున్న!"

కుర్రాడు సంతోషించలేదు. కళ్ళ నిండా నీళ్ళు. "ఆ ఫ్యాన్ ముక్క తీసెయ్యన్నా" అన్నాడు నాతో. రెండు నిమిషాల పని, బ్లేడు అందుకున్నాను.

సేటు నా చెయ్యి పట్టుకున్నాడు. "ముట్టుకోకు. జనం నిలబడ్డదే ఆడ. అది తీస్తె నేను ఏస్తలేను."

"అది మా బాపు పాట సేట్. మా బాపును జూసి గల్లీ గల్లీ నవ్వుతదా? నాకొద్దు." గిటారు తీసుకుని తండ్రి దగ్గరికి వెళ్ళాడు. "పా బాపు. కటింగ్ చేయించుకుంట. ఒకటో తారీఖున డ్యూటీ ఎక్కుత."

వెళ్ళి ఆపాలనుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని? తండ్రి కదల్లేదు. నా వైపు చూసి, మెల్లగా అడిగాడు.

"సారూ, ఆ పాటల పండుకున్నది నేనేనా?"

"మీరేనండి. ఆ కేక మాత్రం నాది. తప్పు నాదే."

"తప్పేంది? మా ఇంటామె నన్ను గట్లనే లేపుతది" అన్నాడు. పెదవి చివర చిన్న నవ్వు. స్పీకరు ముందు ఇంకా గుంపు కట్టి ఉన్న జనాన్ని కాసేపు చూశాడు. తర్వాత కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"నవ్వనియ్ రా. ఇరవై ఏండ్ల సంది ఆ సైరనుకు లేస్తున్న. ఏనాడన్న ఎవడన్న ఆగి చూసిండా?"

కొడుకు గిటారు గోడకు ఆనించాడు. తర్వాత సేటు వైపు తిరిగి, "అట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. తండ్రి టైము అడిగి, ఉలిక్కిపడి, డబ్బా చంకలో పెట్టుకుని కంచన్‌బాగ్ బస్సు కోసం ఉరికాడు.